నైరుతి కిటికీ

హలో… ఆ, నేనే. ప్రసన్నను, మామయ్యా. అత్తయ్య ఫోను నా దగ్గరే ఉంది.

…

పడుకోనుంది. లేపను.

… లేపనని చెప్తున్నా గదా. మీరు దర్శిలో ఎంత గట్టిగా అరిచినా లేపను.

… ఎవరు చెప్పినారు మీకు? ఎదురింటోళ్ళా? … సరే, ఎవరైతే ఏంది. నిజమే. పగలగొట్టించినా. మీ పడకగదిలో నైరుతి మూల కిటికీ, రెండేళ్ళ కింద మీరు ఇటుకలు పెట్టి మూయించినారే… అదే. తొమ్మిదింటికి మొదలుపెట్టినాం, పదకొండుకు అయిపోయింది.

… ఎవర్నడిగి అంటే… మిమ్మల్నయితే అడగలా. ఒప్పుకోవాల్సిన మనిషి ఒప్పుకునింది. చెప్తా. ముందు మీరు అరవడం ఆపండి.

…

ఆయనకేం సంబంధం లేదు. మీ పెద్దకొడుకు కింద దుకాణంలోనే ఉన్నాడు. పైన సుత్తి దెబ్బలు వినపడతా ఉంటే, కందిపప్పు తూకం వేసుకుంటా కూర్చున్నాడు. పైకి రాలేదు, ఆపలేదు, మీకు ఫోనూ చెయ్యలేదు. మీరంటే ఆయనకుండే భయం అంత. ఆయన్ని ఏమీ అనొద్దు. చేసింది నేను. నన్నే తిట్టండి.

…

…

తిట్టినారుగా. అయిందా?

… ఫోను పెట్టెయ్యొద్దు. మీరు పెట్టేస్తే నేనే మళ్ళీ చేస్తా. నిన్న మధ్యాహ్నం పెళ్ళికని బస్సెక్కినారు. ఇంట్లో ఏం జరిగిందో మీకు చెప్పినోళ్ళు గోడ సంగతి చెప్పినారు గానీ, మీ భార్య సంగతి చెప్పినట్టు లేరు.

… ఏమైందా? ఇప్పుడడిగినారా!

తెల్లారి ఆరింటికి. నేను పొయ్యి మీద పాలు పెట్టినా. గోడ మీద చేత్తో కొడుతున్న చప్పుడు. పిలుపు లేదు, కొట్టడమే. పోయి చూస్తే అత్తయ్య మంచం మీద కూర్చోని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకోని, నోరు తెరుచుకోని… మాట రావడంలా. పెదాలు నల్లబడినాయి. ఏసీ నడుస్తానే ఉంది. తలుపు మూసుంది. గది నిండా పొగ —

ఏం పొగ అంటారేంది! ఆ గదిలో ఎప్పుడూ ఉండే పొగే. రాత్రి వెలిగించిన దోమల కాయిల్. దానికి తోడు, పోయిన మన వెంకటసాయి ఫోటో ముందర అగరబత్తీలు. ఒకటి ఆరిపోకముందే ఇంకొకటి. రెండేళ్ళుగా ఆర్పనిచ్చినారా మీరు?

… వినండి. ఉబ్బసం పఫ్ నోట్లో రెండుసార్లు కొట్టినా. ఆయాసం దిగలేదు. హాల్లోకి నడిపించుకోనొచ్చి, మెట్ల వైపు తలుపు తీసి గడప మీద కూర్చోబెట్టినా. ఆటో వచ్చేదాకా ఆమె వీపు మీద చెయ్యేసుకోని కూర్చున్నా మామయ్యా. పిల్లికూతలు చెవికి కాదు, నా చేతికి తెలుస్తా ఉన్నాయి.

… చేసినా. మీకు ఆరున్నరకి ఒకసారి, ఆస్పత్రి నుంచి ఇంకొకసారి. చూసుకోండి మీ ఫోన్లో. మేళంలో వినపడలేదా? … సరే. వినపడలేదు.

సూది వేసినారు, ఆవిరి పట్టినారు. ఎనిమిదికల్లా ఇంటికొచ్చినాం. ఆ గది తలుపు తీసి, ఆ వాసనకి నేనే వెనక్కొచ్చినా. మళ్ళీ ఆమెని దాంట్లో ఎట్ల పడుకోబెట్టేది? మీరు చెప్పండి.

…

ఏసీ ఉంటే సరిపోతుందా! ఒంగోలు డాక్టరు పోయిన నెల ఏం చెప్పినాడో మీకు చెప్పినానా లేదా? “మందు పెంచడం తర్వాత చూద్దాంలేమ్మా, ఆమె పడుకునే గది ఎట్లుందో చెప్పు” అన్నాడు. నేను బీరువా జరిపి, వెనక గోడ ఫోటో తీసి పంపినా. నేల నుంచి నడుము ఎత్తు దాకా నల్ల బూజు. చెయ్యి పెడితే చెమ్మ. ఏసీ బయట గాలి తీసుకురాదమ్మా, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లగా ఇస్తుంది అన్నాడు. పొగ ఏదీ వద్దన్నాడు. వానలని తడిబట్టలు గదిలో ఆరేసుకోవద్దన్నాడు. కిటికీ ఉండాల, వంటింట్లో గాలి బయటికి నెట్టే ఫ్యాన్ ఉండాల అన్నాడు.

మీరేమన్నారు? “డాక్టరుకి వాస్తు తెలుసా” అన్నారు. బీరువాని మళ్ళీ గోడకి నెట్టేసినారు. నల్లగోడ కనపడకుండా.

… నెట్టలేదా? నా ఎదురుగానే గదా నెట్టినారు!

…

ఆ మాట వస్తుందని తెలుసు. చెప్పండి. … చెప్పండి, వింటా.

…

తెలుసు. నేనూ ఆరోజు ఆ గదిలోనే ఉన్నా. మీ చిన్నకొడుకు పోయిన నలభయ్యో రోజు. సిద్ధాంతి టేపు పెట్టి కొలిచినాడు, నైరుతిలో కిటికీ ఉండకూడదు, అదే మీ బిడ్డని తీసుకోనిపోయింది అన్నాడు. మరుసటి దినమే మేస్త్రీ వచ్చినాడు. ఆ కిటికీ ఒక్కటే ఆ గదికి. పక్కిల్లు లేచినాక రెండోది ఎప్పుడో పోయింది.

మామయ్యా, సాయి నాకు మరిది అని పేరుకే. నేను కొత్త కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు, “వదినా, అన్నం తిన్నావా” అని అడిగినోడు వాడొక్కడే. వాడి కోసం నేనూ ఏడ్చినా. కానీ వాణ్ణి దోర్నాల దారిలో లారీ గుద్దింది. లారీ ఈ కిటికీలోనుంచి రాలేదు.

…

ఆ. అన్నా. మళ్ళీ అంటా.

…

పుట్టింటికా?

… పోతా. గిద్దలూరు ఎంత దూరం? కానీ ఒక్కదాన్నే పోను, అత్తయ్యని గూడా తీసుకోనిపోతా. మా నాయనది పాత పెంకుటిల్లే, మీ ఇల్లంత గొప్పగా ఉండదు. ఏ గదిలో పడుకున్నా గాలి మాత్రం ఆడుతుంది.

… యల్లయ్య ఎట్ల ఒప్పుకున్నాడా? ఒప్పుకోలేదు. అదే చెప్పబోతున్నా మీకు. అప్పుడు మూసిన మేస్త్రీ ఆయనే గదా. సుత్తి కింద పెట్టేసినాడు. “చంద్రశేఖరరావుగారు లేకుండా నేను ముట్టుకోనమ్మా. సాయిబాబు పేరు చెప్పుకోని ఏడుస్తా కట్టించినాడు ఈ గోడ” అన్నాడు. నేను బతిమాలినా. వినలా. మెట్లు దిగబోతున్నాడు.

అప్పుడు అత్తయ్య లేచొచ్చింది. హాల్లో నుంచి, గోడ పట్టుకోని, ఒక్కో అడుగే. వద్దంటుందని అనుకున్నా. మీరు మూయించేటప్పుడు ఆమె ఒక్క మాటా అనలేదు. ఈ రెండేళ్ళలో గూడా అనలేదు. ఆ మూలకి పోయి అరచెయ్యి గోడకి ఆనించి నిలబడింది. “యల్లయ్యా, నా బిడ్డ ఈ కిటికీలోనుంచి పోలేదు. ఇది ఇట్లే ఉంటే పోయేది నేను. కొట్టు” అనింది.

…

మామయ్యా?

…

ఆమె అట్ల అనలేదంటారా?

…

నేనెందుకు అబద్ధం చెప్తా? యల్లయ్య నంబరుంది గదా మీ దగ్గర, అడగండి. కొడతా కొడతా ఆయనే రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు.

… లేదు, ఆమెని దుమ్ములో ఉంచలేదు. పక్కింట్లో కూర్చోబెట్టినా. అంతా అయినాక గోడ రుద్ది, తడిగుడ్డతో మూడుసార్లు తుడిచి, ఆరినాకనే తీసుకొచ్చినా.

… ఫోటోనా? ఆ, తీసినా. అంతా బాగానే చేరవేసినారే మీకు! బయట పారెయ్యలేదు. హాల్లో పెట్టినా, మెట్ల తలుపుకెదురుగా. … పూలు పెట్టినా. … అగరబత్తి లేదు. ఇంక ఉండదు. సాంబ్రాణి పొగ పడితే తుమ్ముకుంటా బయటికి పరిగెత్తేవాడు సాయి, మర్చిపోయినారా? వాడి ముందర రెండేళ్ళు పొగబెట్టినాం.

…

…

సాయంత్రానికి మూయించాలా? ఎవరు మూస్తారు? యల్లయ్య చచ్చినా మూయనన్నాడు. మీరే వచ్చి మూయండి, మీ చేత్తో. నేను అడ్డం రాను. కానీ ముందు ఆ మేళంలో నుంచి బయటికి రండి. ఫోను చెవికి గట్టిగా పెట్టుకోండి… వచ్చినారా? గదిలోకి పోతున్నా. మాట్లాడొద్దు.

…

…

…

విన్నారా?

… గాలి చప్పుడు కాదు. అత్తయ్య ఊపిరి.

… సూదిమందే అంటారా? కావచ్చు. కిటికీ తీసిన పూటకే అంతా నయమైపోయిందని నేనూ అనడం లేదు. పోయినసారి సూది వేసినప్పుడు గూడా ఆమె కూర్చోనే కునికింది గదా. ఈరోజు వెల్లకిలా పడుకోనుంది. ఎన్ని నెలలైంది మీరు ఆమెని అట్ల చూసి?

…

…

రెండు ఇడ్లీ తినింది. … ఆ, మాత్రలు వేసినా.

… దోమలొస్తాయి, నిజమే. కాయిల్ మాత్రం వెలిగించను. కిటికీకి దోమల మెష్ కొట్టించాల. … ఇక్కడ రేపు ఆదివారం, దుకాణాలు తెరవరు. … దర్శిలోనా?

… కొలతలు ఎందుకు?

…

ఉండండి, యల్లయ్య రాసిచ్చిన చీటీ ఉంది. వెడల్పు మూడడుగుల రెండంగుళాలు. ఎత్తు నాలుగడుగులు. … స్టీలుది తీసుకోండి, ప్లాస్టిక్‌ది ఎలుకలు కొరుకుతాయి.

… క్షమించమని నేను చెప్పను మామయ్యా. తప్పు చేసినానని మాత్రం నా నోటి నుంచి రాదు. మీరన్న మాట గూడా నేను మర్చిపోను. పుట్టింటికి పొమ్మన్నారు. ఈ ఇంటికొచ్చిన పన్నెండేళ్ళ తర్వాత.

…

ఆ… మూడూ రెండు. ఎత్తు నాలుగు. రాసుకున్నారా?

హలో… మామయ్యా…

పెట్టేసినాడు.