నతానియేలుకు నేను చెక్కిన పళ్లు

నంద్యాల మేజిస్ట్రేటు గారి ఎదుట, మాజీ సిపాయి నతానియేలు పళ్ల అర్జీ విచారణలో, 1957 ఆగస్టు 12 సోమవారం, పగలు పదకొండున్నరకు ఇచ్చిన వాంగ్మూలం.

నా పేరు నాగలింగాచారి. వయసు యాభై రెండు. ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కుతాను. మా నాయన పనీ అదే. నతానియేలు మా ఊరి మాజీ సిపాయి, నాకు చిన్ననాటి స్నేహితుడు.

1944లో బర్మా యుద్ధంలో బాంబు ముక్క తగిలి అతని పైదవడ ఎడమ పక్క విరిగింది. 1946లో ఇంటికి వచ్చాక ఆ పక్క పళ్లు ఒక్కొక్కటే ఊడాయి, మొత్తం ఏడు. పొగాకు నమిలి పోగొట్టుకున్నాడేమోనని తమరు అడిగారు. అతను పొగాకు ముట్టడు. నమిలేది నేను. నాకు ముప్పై రెండూ ఉన్నాయి.

పోయినేడు అతను నా దగ్గరికి వచ్చి, "మా తమ్ముని కొడుకు మత్తయి పెండ్లికి పోవల్ల. ఈ నోటితో ఎట్లా పోయేదన్నా" అన్నాడు. నాకు మనసు నొచ్చింది. మైనం కరిపించి కొలత తీశాను. విగ్రహం ముఖాన్ని మేము యవలతో కొలుస్తాం. యవ అంటే ఒక బార్లీ గింజ వెడల్పు. అతని ఎడమ పక్క రెండు యవలు లోపలికి ఉంది. పళ్లు ఊడింది సరిగ్గా అక్కడే. మిగతావన్నీ గట్టిగా ఉన్నాయి. నా కొలత తప్పదు.

తెల్ల బలపపు రాయిలో ఏడు పళ్లూ ఒకే ముక్కగా చెక్కి, వెండి తీగతో పక్క పళ్లకు తగిలించాను. అవి చూపుకే, నమలడానికి కాదు. జొన్నరొట్టె ఈనాటికీ మజ్జిగలో నానేసుకొని తింటాడు.

జూన్ 4, మంగళవారం, మాజీ సిపాయిలను చూసే డాక్టరు పిలిచాడు. దవడకు వైద్యం చేయించి సర్కారు ఖర్చుతో పళ్లు కట్టించాలా వద్దా అని తేల్చడానికి. నతానియేలు బూట్లు మెరిపించి, పతకాలు పెట్టుకొని, నా పళ్లు కూడా పెట్టుకొని బయలుదేరాడు. భార్య రూతు గుమ్మంలో ఆపిందట.

"ఏందిది? పళ్లు ల్యావని చెప్పేదానికి పోతా, పళ్లు పెట్టుకొని పోతాండావే?"

"సర్కారు ముందర బోసినోటితో నిలబడేదా? నేను సిపాయిని" అన్నాడట.

డాక్టరు "పళ్లన్నీ ఉన్నాయి" అని రాసి అర్జీ కొట్టేశాడు. ఆయన్ను నేను తప్పు పట్టను. నా పని అట్లా కుదిరింది. ఈ సంగతి విని మొదట నాకు గర్వం కలిగింది. నిజం చెప్పాలి కదా. తర్వాత రూతమ్మ మా ఇంటికే వచ్చింది. "నీ పనితనం తగలెయ్య, నాగన్నా. ఆయప్పకు రొట్టె కొరికే రాత లేకుండా చేస్తివి" అంది. అప్పుడు సిగ్గేసింది.

రుజువేదని తమరు అడిగారు. నతానియేలు పళ్లు తీసి తమరి బల్ల మీద పెట్టాడు. తమరు పెన్నుతో తట్టి చూసి, "రాయేనయ్యా" అన్నారు. "రాయి కాకపోతే ఏంది సామీ" అన్నాను. గుమాస్తా రాయడం ఆపి నవ్వాడు. తమరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నతానియేలు, ఆ బోసినోటితోనే. నాకు చాలా సంతోషమైంది.

అతన్ని మళ్లీ పరీక్షకు పంపుతామని, ఈసారి నోట్లో ఏమీ పెట్టుకోకుండా పోవాలని తమరు చెప్పారు. నేను చెక్కే ప్రతిదీ వెయ్యేళ్లు నిలవాలని మొక్కుకొని ఉలి పడతాను. ఈ ఏడు పళ్లు మాత్రం తొందరగా పనికిరాకుండా పోవాలని మొక్కుకుంటున్నాను.

గుమాస్తా చదివి వినిపించాడు. అన్నీ నేను పలికిన మాటలే. ఒకటి కలపలేదు, ఒకటి దాచలేదు. కాళికాంబ సాక్షిగా నిజం.

నాగలింగాచారి ఎడమ బొటనవేలి ముద్ర.
(ఉలి పట్టి పట్టి గీతలు అరిగినందున మూడో తడవకు పడింది. — గుమాస్తా)