నాలుగొందల తొంభై ఎనిమిది మెట్లు

"బొలోన్యా బురుజు ఎక్కడం గొప్పేం కాదు, కాళ్ళున్న ప్రతివాడూ ఎక్కుతాడు, అందుకే ముందే చెబుతున్నా, దాని గురించి నేను గొప్పలు చెప్పుకోను" అని మొదలుపెట్టాడు ఒరియానో, కుర్చీ వెనక్కి తిప్పి కూర్చుంటూ.

ఆదివారం సాయంత్రం, మా ఊళ్ళో నీవెస్ నడిపే బారు. ఒరియానో, అతని స్నేహితుడు సెల్సో రెండు రోజులు బొలోన్యా నగరంలో ఉండి అప్పుడే రైలు దిగి వచ్చారు. ఒరియానోకి అరవై మూడేళ్ళు. ఐదో క్లాసుతో బడి మానేసి, ముప్ఫయ్యారేళ్ళు మా ఊళ్ళో ఉత్తరాలు పంచాడు. పట్టా ఉన్నవాళ్ళకి వచ్చే కవర్ల మీద పేరు ముందు 'దొత్తోరె' అని ఉంటుంది కదా, అలాంటి ఉత్తరం ఒక్కటి తన పేరు మీద రావాలని అతని పట్టుదల. రిటైరయ్యాక బొలోన్యా విశ్వవిద్యాలయంలో చేరాడు, ఏడేళ్ళు చదివాడు, మా ఊరి పక్కన పారే పో నది రేవుల మీద ఇంత లావు థీసిస్ రాశాడు. బుధవారం పరీక్ష. ప్రొఫెసర్లు ఊఁ అంటే పట్టా. చూడ్డానికి ఊళ్ళోంచి నలభైమంది వెళ్తున్నాం, బస్సు నాది, నడిపేదీ నేనే.

"మంచిది, చెప్పుకోకు" అన్నాన్నేను.

"చెప్పుకోను. శనివారం పొద్దున్నే దిగాం, సంచులు లాడ్జిలో పడేశాం, నేను బుధవారం నిలబడాల్సిన హాలు చూసొచ్చాం, బల్ల ఎంత పొడుగుందో అడుగులేసి చూశా, అటు ప్రొఫెసర్లు ఏడుగురు, ఇటు నేనొక్కణ్ణి, చూద్దాం ఎవరు గెలుస్తారో. ఆ తర్వాత బురుజు. నాలుగొందల తొంభై ఎనిమిది చెక్కమెట్లు, అరిగి నున్నగా ఉంటాయి, ఎక్కడా ఆగకుండా ఎక్కేశా. అంతే."

సెల్సో రొట్టెముక్కతో ప్లేటు తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"మరి నీ ఎడమ మోకాలు?" అంది నీవెస్.

"మోకాలా? వందో మెట్టు దగ్గర అడిగింది, ఇక్కడ కాసేపు కూర్చుందామా అని. నోర్మూసుకో, ముప్ఫయ్యారేళ్ళు సైకిలు తొక్కినదానివి, ఇప్పుడు నాతో బేరాలా అన్నా. మళ్ళీ మాట్లాడలేదు. రెండొందలో మెట్టు దగ్గర ఒక జర్మనావిడ కూలబడి ఉంది, మన చర్చి గంటంత మనిషి, పైకీ పోదు కిందికీ రాదు, వెనకాల జనం ఆగిపోయారు. ఏం చేస్తాం, భుజానేసుకున్నా. ఇంకో పాతిక మెట్లెక్కితే ఆవిడ మొగుడు. వాణ్ణి రెండో భుజం మీద."

"సెల్సో ఎక్కడున్నాడప్పుడు?"

"నా బెల్టు పట్టుకుని వేలాడుతున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైకెళ్ళి చూస్తే పొగమంచు, మైదానమంతా తెల్లగా, ఒక్క ఇంటికప్పు కూడా కనబడదు. అంత దూరం ఎక్కి మన ఊరు చూడకుండా దిగుతానా? నా సంగతి మీకు తెలుసు, పట్టుకుంటే వదిలే రకం కాదు. చెయ్యి చాచా, మంచు అంచు దొరికింది, తడి దుప్పటిలా ఉంది, లాగా. రెండో కొస సెల్సోకిచ్చా. వాడటు, నేనిటు, మడత మీద మడత పెట్టేశాం. అప్పుడు కనబడ్డాయి చూడు, అటు ఆల్ప్స్ కొండలు, ఇటు సముద్రం, మధ్యలో పో నది, నది పక్కన ఈ బారు, బారులో నీవెస్. వైన్‌లో నీళ్ళు కలుపుతోంది."

"ఏ సీసాలో?"

"మూడో సీసాలో. అందరి ముందూ ఎందుకులే అని ఊరుకున్నా."

నీవెస్ మూడో సీసాని కాస్త వెనక్కి జరిపింది.

"ఇంతలో బురుజు ఊగింది. అది ముందే వంకర. ఇంతమంది బరువు ఒకపక్క పడేసరికి ఇంకాస్త ఒరిగింది. జనం ఏడుపులు. మెట్లు దిగే టైమెక్కడ? మడతపెట్టిన మంచు కింద పడేసి దానిమీదికి దూకా, వీపు గోడకానించా, కాళ్ళు తన్నిపట్టి ఒక్క తోపు తోశా. తొమ్మిదొందల ఏళ్ళ వంకర, నిటారుగా నిలబడింది."

"అయితే ఇప్పుడు నిటారుగా ఉందన్నమాట."

"ఉండనిస్తేగా? మునిసిపాలిటీ గార్డు పరిగెత్తుకొచ్చాడు, అయ్యా తమరు చేసింది గొప్ప పనే గానీ, మా పోస్టుకార్డులన్నీ వంకరగా అచ్చేసి ఉన్నాయి, ఎలా ఉన్నదాన్ని అలా వంచి వెళ్ళండి అని చేతులు పట్టుకున్నాడు. పోస్టుకార్డు మాటెత్తితే నేను కాదనగలనా? వంచేశా. రెండు వేళ్ళంత ఎక్కువే వంగినట్టుంది."

నీవెస్ గ్లాసు తుడవడం ఆపింది. "మా చెల్లెలి కూతురు అక్కడే చదివింది" అంది మెల్లగా. "ఐదేళ్ళు ఆ బురుజు పక్కనుంచే కాలేజీకి వెళ్ళేది, ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు. చదువుతున్నవాళ్ళు పట్టా చేతికి రాకముందు పైకెక్కితే ఇక ఆ పట్టా ఈ జన్మలో రాదట. అక్కడ అందరికీ తెలుసట. నీకు తెలీదా?"

ఒరియానో చెయ్యి టక్కున బల్ల కిందికి పోయి ఇనప కాలు పట్టుకుంది. చెడ్డమాట చెవిన పడితే మేమందరం ఇనుము ముట్టుకుంటాం, కానీ ఇంత గట్టిగా పట్టుకున్నవాణ్ణి నేను చూళ్ళేదు.

నాకు నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి సందు కోసమే చూస్తున్నాను. "అయితే బుధవారం బస్సు తియ్యక్కర్లేదు. నలభైమందికీ ఇప్పుడే చెప్పేస్తాను" అన్నాను.

"ఎక్కలేదు" అన్నాడు ఒరియానో.

"ఏంటి?"

"ఎక్కలేదయ్యా, ఆ సంగతి తెలిసీ ఎక్కుతానా? ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు, గుమ్మం దాటలేదు. సెల్సో ఎక్కొస్తానన్నాడు, వెళ్ళిరా అన్నా. వాడొచ్చేదాకా గంటసేపు ఎదురుగా గోడవైపు తిరిగి నిలబడ్డా, పొరపాటున కాలు అటు పోతుందేమోనని. చెప్పరా సెల్సో."

"ఎక్కింది నేనే" అన్నాడు సెల్సో. "పైన మంచు, నా చెయ్యే నాకు కనబళ్ళేదు. జర్మన్లు ఎవరూ లేరు."

ఒరియానో తను అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ బారులో అదే మొదలు. నవ్వుదామనుకున్నాను గానీ రాలేదు.

"ఎక్కకుండానే ఎక్కానంటే తగులుతుందా?" అని నీవెస్‌ని అడిగాడు. గొంతులో బింకం పోయింది. "ఏడేళ్ళు చదివానే. నోటి దురదకి అదంతా పోతుందా?"

నీవెస్‌కి తెలీదు. నాకూ తెలీదు. అతని ముఖం చూస్తే భయమేసింది.

లేచాడు. తలుపు బార్లా తీసి, బొలోన్యా ఉన్న దిక్కుకి తిరిగి, కథలు చెప్పే ఆ గొంతుతోనే బయటి పొగమంచులోకి అరిచాడు. "నేను ఎక్కలేదు! ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు! అన్నీ కోతలే!" వీధిలో ఎవరో కిటికీ తీసి మళ్ళీ వేసుకున్నారు.

తిరిగొచ్చి కూర్చున్నాడు. "అరవై కిలోమీటర్లు" అన్నాడు. "వినబడి ఉంటుందంటావా?"

అతని ప్రతి కోతకీ అడ్డుపడుతూ వచ్చినవాణ్ణి నేను. లేచి గుమ్మందాకా వెళ్ళి బయటికి చూశాను. పది అడుగుల్లో ఉన్న నా బస్సే కనబడటం లేదు.

"వినబడింది" అన్నాను తిరిగొచ్చి. "బురుజు తలూపింది. నేను చూశాను."