కొమురమ్మ కాళ్లు ముడుసుకున్న సీటు

కొమురమ్మ అని మా కురుమోళ్ల ఆడామె, గొర్రె ఉన్ని వడుకుతది. మనిషి గింతే ఉంటది, నిలబడితే నా భుజం కాడికి గూడ రాదనుకో. పొద్దుగాల రాట్నం ముంగట కాళ్లు మడిసి సక్లముక్లం కూసున్నదంటే ఎండ నెత్తిమీదికి ఒచ్చేదాంక లేవది. కుర్సీ అంటేనే పడదామెకు. బస్సు ఎక్కినా చెప్పులు కింద ఇడిసి కాళ్లు సీటు మీద ముడుసుకుంటది, మీరూ సూసే ఉంటరు. గట్లాంటామెను ఏమైందంటే, కెనడా దేశంల ఉన్ని పనోళ్ల జాతర పెడుతున్నరు, నాలుగు దినాలు అందరి ముంగట వడికి సూపియ్యమని పిలిసిన్రంట. మా కురుమ సంగం నుంచి ఆమె పోయింది, ఎంబడి దశరథం. దశరథమంటే సంగం కాయితాలు రాసేటోడు, రెండు ముక్కలు ఇంగ్లీషు ఒస్తది.

ఢిల్లీల పెద్ద విమానం ఎక్కితే పద్నాలుగు గంటలు దిగేది లేదంట. దశరథం ముందే ఎవలనో అడిగి తెలుసుకున్నడు, మామూలు సీట్లల్ల గూడ ఒక మంచి సీటు ఉంటది, దాని ముంగట ఇంకో సీటు ఉండదు, గోడే ఉంటది, కాళ్లు బార్ల జాపుకోవచ్చని. కౌంటర్ కాడి పిల్లను పావుగంట బతిమిలాడిండంట. అమ్మా, మా అక్క పెద్దమనిషి, దిగినంక కూసొని పని చేసేదున్నది, జర సూడమ్మా అని. ఆ పిల్ల కంప్యూటర్ల సూసి సూసి, ఒక్కటే మిగిలింది తీసుకో అన్నది. దశరథం తనకు నడిమిట్ల ఇరుకు సీటు పెట్టుకొని అది అక్కకిచ్చిండు. కూసోబెట్టి, సూడక్కా, నీ ముంగట ఎంత జాగున్నదో, ఎడ్లబండి తిప్పొచ్చు అన్నడంట. వాని మొకం ఎలిగిపోతున్నదంట.

జాగైతే ఉన్నది, కాదనం. కాని కాళ్లు కింద ఆనాలె గదా. ఆమెకు ఆనలే. జానెడు ఎత్తుల అట్లనే ఏలాడబడ్డయి. పోనీ ముడుసుకుందామంటే, ఆ సీటుకు రెండు దిక్కుల చేతులు పెట్టుకునే కట్టెలు పైకి లేవయంట, అన్నం తినే బల్ల దాంట్లనే మడిసి పెడతరు, అందుకని గట్టిగ బిగిచ్చి ఉంటయి. ఒక మోకాలు పైకి తెస్తే కట్టెకు తగులుడే. రెండు గంటలకు తిమ్మిర్లు, మూడు గంటలకు పాదాలు ఉబ్బినయి. ఎల్లుండి జాతరల నేల మీద కూసోని వడకాలె, ఈ కాళ్లు మడత పడతయా, పడకపోతే గంత దూరం పిలిసినోళ్ల ముంగట ఏం మొకం పెట్టుకోవాలె అని ఆమెకు రంది పట్టుకున్నది. దశరథం మాటిమాటికి ఒచ్చుడు, ఎట్లున్నదక్కా అనుడు. మంచిగున్నది తమ్మీ అనుడు ఈమె. మూడుసార్లు అట్లనే అన్నదంట. వాడు గంత బతిమిలాడి తెచ్చినంక ఏమంటది చెప్పు.

జర నడిస్తెనన్న రగతం కదులుతదని లేసి ఎనుకకు పోయింది. పోంగ పోంగ కడవరుసకు ఒక దిక్కు రెండే సీట్లున్నయి. ఒగదాంట్ల తెల్లగడ్డం సర్దారు. లారీలు తోలి తోలి ముసలోడైన మనిషి, పేరు గురుదయాల్ అంట. తాడిచెట్టంత పొడుగు. మోకాళ్లు ముంగటి సీటుకు గుచ్చుకుంటున్నయని ఒక కాలు బయట తోవల జాపిండు. అన్నం బండి తోసుకొచ్చే పిల్ల ఆ కాలికి బండి తాకిచ్చి సారీ అంటది, ఆయన గుంజుకుంటడు, అది పోంగనే మల్ల జాపుతడు. పక్క సీటు ఖాళీ. నడుమ కట్టె పైకి లేసే ఉన్నది. కొమురమ్మ కండ్లు ఆ కట్టె మీదనే పడ్డయి. కట్టె లేస్తే రెండు సీట్లు కలిసి మంచమైతది గదా.

ఆమెకు గొంగళ్లు అమ్ముకుంట నేర్సుకున్న తురకం, అంటే ఉర్దూ, ఉన్నది. భాయీ, నా కాడ కాళ్లు జాపుకునే సీటున్నది, నాకు జాపే కాళ్లు లేవు, నువ్వు అటు పోతవా అన్నదంట. ఆయన మొదలు నమ్మలే. చెల్లే, ఆ సీటు కోసం మనుషులు కొట్లాడుతరు, నువ్వెందుకు ఇడుస్తున్నవ్ అన్నడు. నాకు ముడుసుకునుడే సుఖం భాయీ అన్నది. బండి పిల్లను అడిగితే, ఇద్దరికీ ఇష్టమైతే నాకేంది, మారండి అన్నది.

ఇగ మిగిలింది దశరథం. ఆమె పోయి వాని పక్కన నిలబడి, తమ్మీ, నేను ఎనుక సీటుకు పోతున్న అని చెప్పింది. వాని మొకం చిన్నగయింది. ఏందక్కా, మూడుసార్లు అడిగితే మంచిగున్నదంటివి గదా అన్నడు. నీ మనసు నొస్తదని అన్న అని, చీర అంచు జర పైకి పట్టి కాలు సూపిచ్చింది. మెట్టెలు ఏలల్లకు దిగి కోసుకపోయి ఉన్నయి. దశరథం అది సూసి, ముందుగాల్నే చెప్పొద్దా అక్కా, నేను పరాయోన్నా అన్నడంట, అంతే. లేసి, ఆమె మూట తీసి, తనే కడవరుస దాంక మోసుకపోయి పెట్టిచ్చిండు. గొంగడి పరిసింది గూడ వాడే.

కొమురమ్మ మెట్టెలు తీసి కొంగుకు కట్టుకున్నది, కిటికీ దిక్కు గోడకు ఈపు ఆనిచ్చి సక్లముక్లం కూసున్నది. కాళ్లల్ల నొప్పి దిగుకుంట పోతుంటే, ఇంటికాడ ఉన్నట్టే అనిపిచ్చిందంట. ముంగట ఆ సర్దారు కాళ్లు గోడదాంక జాపి గురక పెడుతున్నడంట. ఆమె తర్వాత ఒరిగి, రెండు సీట్ల మీద ముడుసుకోని పన్నది. జాతరల నాలుగు దినాలు వడికింది. తెల్లదొరసానులు గూడ ఆమె పక్కన నేలమీదనే కూసోని నేర్సుకున్నరంట.

మొన్న సంతల కలిస్తే అడిగిన, మబ్బుల మీంచి పోతివి గదా, ఎట్లున్నది వదినా పైన అని. ఏమో మరిదీ, నిద్రపోయిన అన్నది. పద్నాలుగు గంటలు ఆకాశంల ఉండి ఏమీ సూడకుండ ఒచ్చింది సూడు. నేనైతే కిటికీకి అతుక్కపోయేటోన్ని. కాని ఆ మాట అన్నప్పుడు ఆమె మొకం సూడాలె మీరు, ఏదో పోగొట్టుకున్నట్టు అస్సలు లేదు.