లిఫ్టు బాబాయ్ వానబట్ట గుడారం

లిఫ్టు బాబాయ్ నోరు విప్పితే వాన కూడా కాసేపు ఆగి విని మరీ కురుస్తుందని ఆ వీధిలో చెప్పుకుంటారు. ఆ సాయంత్రం మాత్రం ఆగలేదు. తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనం ప్రహరీగోడకు ఆనించి వేసిన టీకొట్టు రేకుల మీద డోలు వాయిస్తూనే ఉంది. బయట కురిసే వానకంటే రేకుల సందుల్లోంచి దిగే వాన నాలుగాకులు ఎక్కువ చదివింది. టీకొట్టు అక్క ఒక చేత్తో స్టవ్వుకి గొడుగు పట్టి, రెండో చేత్తో టీ వడపోస్తోంది.

బెంచీ మీద ముగ్గురు సర్దుకుని కూర్చున్నారు. ఒకడు ఎలక్ట్రీషియన్. ఒకావిడ పక్క వీధి ఆసుపత్రి నర్సు. మూడోవాడు గడియారాలు బాగుచేసేవాడు, బాబాయ్‌కి స్వయానా బావమరిది. ఆదివారం ముగ్గురూ కొండెక్కి, ఒక రాత్రి పైనే పడుకుని రాబోతున్నారు. ఎలక్ట్రీషియన్ వ్యానులో ఇంకొక సీటు ఖాళీ ఉంది. ఆ సీటు మీద బాబాయ్ కన్ను పడింది.

పడకుండా ఎలా ఉంటుంది? బాబాయ్ ఉద్యోగమంతా ఆ తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు నడపడంతోనే గడిచింది. ఎక్కడం, దిగడం తనకు తెలిసినంత మేకలకు కూడా తెలియదని ఆయన నమ్మకం. సొంత కాళ్ళతో మాత్రం టీకొట్టు అరుగు కంటే ఎత్తయినదేదీ ఎక్కిన పాపాన పోలేదు. రిటైరయ్యి ఇంట్లో కూర్చున్నాక, పొద్దున్న ఏ అంతస్తులో లేచాడో రాత్రి అదే అంతస్తులో పడుకోవడం ఆయనకు మింగుడుపడలేదు. పైన కప్పు లేని ఎత్తు ఒక్కటైనా చూడాలని ఉంది. అడగడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చింది.

ఎలక్ట్రీషియన్ ముందే కచ్చితంగా చెప్పేశాడు. గుడారాలు మోసే ఓపిక ఎవరికీ లేదు, తల దాచుకునే ఏర్పాటు ఎవరిది వాళ్ళు చూసుకోవాలి. అంటూ జేబులోంచి పిడికెడంత సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. లోపల మడత పెట్టిన వానబట్ట. పాంచో అంటారట. నడిచేటప్పుడు ఒంటి మీద, పడుకునేటప్పుడు చెట్లకు కట్టుకుని నెత్తి మీద. అది కట్టడం రానివాళ్ళని ఎంత దగ్గరివాళ్ళయినా తీసుకెళ్ళనన్నాడు. కిందటిసారి ఒకాయన తడిసి, వణికి, చివరికి తన వీపెక్కి దిగొచ్చాడట.

బాబాయ్ ఆ సంచీని రెండు వేళ్ళతో ఎత్తి, బంగారం తూచినట్టు తూచి, కింద పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి వస్తువు చూడలేదు. ఊళ్ళో వాన పడిన ప్రతిరోజూ ఆయన లిఫ్టులో పొడిగా ఉన్నాడు మరి. అయితే, తెలియదు అన్న మాట ఆయన నోటికి ఎప్పుడూ అలవాటు చెయ్యలేదు.

"ఇదా," అన్నాడు, పాత చుట్టాన్ని చూసినట్టు. "నా దగ్గరున్నది ఇంతకంటే పల్చన. ఒకసారి కొండ మీద వానకి చిక్కాను. రెండు చెట్ల మధ్య తాడు లాగి కట్టాను, బట్ట దాని మీద వేశాను, నాలుగు మూలలూ రాళ్ళకి బిగించాను, కింద పడుకున్నాను. తెల్లారి లేస్తే ఒంటి మీద చుక్క తడి లేదు. అంతే. చెప్పుకునేంత విషయం కాదు."

నిజంగా అంతటితో ఆగుంటే సీటు ఆయనదే. ఎలక్ట్రీషియన్ మెచ్చుకోలుగా తల ఊపి, గాలి ఎటునుంచి వస్తోందో చూసి కట్టారా అని కూడా అడిగాడు. ఆ తల ఊపుడే కొంప ముంచింది. మెచ్చుకోలు బాబాయ్‌కి ఎలాంటిదంటే, స్టవ్వు మీద మరిచిపోయిన పాలకు మంట లాంటిది.

"గాలా? ఏ గాలి గురించి అడుగుతున్నావు నాయనా? ఆ రాత్రి నాలుగు వైపుల నుంచీ నాలుగు గాలులొచ్చి, నేను ముందంటే నేను ముందని నా బట్ట దగ్గర కొట్టుకున్నాయి. సరే, కళ్ళు మూసుకున్నానో లేదో, ఒక మేకల కాపరి తడిసి ముద్దయి వచ్చి, బాబ్బాబు కాస్త చోటివ్వండి అన్నాడు. రమ్మన్నాను. వాడొచ్చాడు, వాడి వెనకాల మేకలొచ్చాయి, నేను లెక్కపెడదామని మొదలుపెట్టి నిద్రొచ్చి మానేశాను, అన్ని మేకలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలీదని టీకొట్టు అక్క గొడుగు కిందనుంచే అంది.

"బస్సొచ్చింది. కొండదారిలో బస్సు టాపు కారిపోతోందట. జనం దిగి నా బట్ట కిందికి వచ్చారు. డ్రైవరు, బస్సుని వాన్లో వదిలేసి ఎలా రాను అని ఏడుపు మొహం పెట్టాడు. మనసు కరిగింది. రివర్సులో పెట్టుకుని రమ్మన్నాను."

బల్ల మీది సంచీ పిడికెడే ఉంది కదా, బస్సెలా పట్టిందని నర్సు అడిగింది. మంచి బట్ట లాగిన కొద్దీ వస్తుందని, ఈ కాలం బట్టలకి ఆ గుణం లేదని బాబాయ్ జాలిగా చెప్పాడు. ఆ జాలి చూసి ఎలక్ట్రీషియన్ మొహంలో మెచ్చుకోలు ఒక మెట్టు దిగింది. అది బాబాయ్ కనిపెట్టాడు. దిగినదాన్ని మళ్ళీ పైకి తేవడమే కదా ఆయన ఉద్యోగం. ఇంకో బటను నొక్కాడు.

"పులొచ్చింది," అన్నాడు.

అక్క ఇంకో గ్లాసులోకి టీ వడపోసింది.

"అందరూ అరుస్తారనుకున్నాను. అరిస్తే దానికి మాత్రం బాగుంటుందా? నేనే లేచి, చూడమ్మా, అటు చివర మేకలున్నాయి, నువ్వు ఇటు చివర కూర్చో, రాత్రికి ఇబ్బంది పెట్టకు అన్నాను. బుద్ధిగా కాళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చుంది. బస్సు కండక్టరు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు."

పులి టీ తాగిందా అని అక్క అడిగింది, వృత్తి మీద మమకారం కొద్దీ.

"మూతి పెట్టి వదిలేసింది. చక్కెర ఎక్కువైందట."

ఈసారి ఎలక్ట్రీషియన్ గడియారం చూసుకున్నాడు. లిఫ్టు తలుపుల్లా ఆ సీటు మూసుకుపోతున్నట్టే బాబాయ్‌కి అనిపించింది. మూసుకునే తలుపుల మధ్య చెయ్యి పెట్టినట్టు గబగబా గొంతు పెంచాడు. ఆ నాలుగు గాలులూ చివరికి రాజీపడి, ఒక్కటై, బట్ట కింద దూరాయట. రాళ్ళు ఊడాయి, చెట్లు వేళ్ళతో సహా వచ్చాయి, బట్ట పైకి లేచింది, నాలుగు తాళ్ళూ పట్టుకుని ఈయనా లేచాడు. ఈయన కాళ్ళు పట్టుకుని కాపరి, కాపరి కాళ్ళు పట్టుకుని డ్రైవరు, డ్రైవరు కాలికి బస్సు.

"మబ్బులు దాటి వెళ్ళిపోయాం. వాన మా కింద పడుతోంది. అంత పైనుంచి చూస్తే మా ఇల్లు, మా ఇంటి డాబా, డాబా మీద బట్టలు తీస్తూ మీ అక్క," అని బావమరిది వైపు తిరిగాడు. "నేనేనే, పైనున్నాను అని కేకేశాను. తలెత్తి చూసింది. వచ్చేటప్పుడు పాలు తెమ్మంది."

అందరూ నవ్వారు. ఆ ఒక్క ముక్క మాత్రం నిజమై ఉంటుందని నర్సు అంది.

"పాలు తీసుకునే దిగాను. ఇంత జరిగినా, తెల్లారేదాకా నా నెత్తి మీద ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క పడితే ఒట్టు."

ఇంతసేపూ బావమరిది చూపంతా ఆ సంచీ మీదే ఉంది. గడియారాలవాడు కదా, చేతులు ఊరుకోవు. చేతికందిన దేన్నయినా విప్పి చూడందే ఉండలేడు. బల్ల మీది సంచీ అందుకుని, మూతి విప్పి, వానబట్టని మడత మీద మడత ఊడదీసి, బారెడు పొడవున పరిచి, అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాని వెనక్కి వెళ్ళి మాయమయ్యాడు. మరుక్షణం ఆ బట్ట సరిగ్గా నడిమధ్యలోంచి, దానికే కుట్టిన టోపీ పెట్టుకుని, వాడి మొహం బయటికొచ్చింది.

"బావా, ఈ కన్నం సంగతేం చేశావు?"

బాబాయ్ ఆ మొహాన్ని చూశాడు. బట్టకి కన్నముంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఒంటి మీద వేసుకోవడమంటే దుప్పటి కప్పుకున్నట్టనుకున్నాడు. గుడారం కట్టేటప్పుడు ముందు ఆ టోపీ మూతిని తాడుతో బిగించి ముడెయ్యాలని, లేకపోతే ఆకాశంలో ఉన్న నీళ్ళన్నీ అందులోంచే దిగుతాయని ఎలక్ట్రీషియన్‌కి తెలుసు. బాబాయ్ నోట ఆ మాట వస్తుందేమోనని చూస్తున్నాడు.

"ఆ కన్నమా," అన్నాడు బాబాయ్. "అందులో నా తల పెట్టాను. ఎవరో ఒకరు పెట్టాలిగా. రాత్రంతా నిలబడే ఉన్నాను. గుడారానికి నడిమి కర్ర నేనే."

పడుకున్నానన్నారు కదా అని నర్సు గుర్తుచేసింది.

"నిలబడే పడుకున్నాను. లిఫ్టులో ఏళ్ళ తరబడి ఎలా పడుకున్నాననుకున్నావమ్మా?"

"సరే," అన్నాడు బట్టలోంచి బావమరిది. "కన్నంలోంచి తల బయటుంది. బయట కుండపోత. నెత్తి మీద చుక్క పడలేదు. అదెలాగో ఒకసారి చూపించు బావా, వాన ఎలాగూ ఉంది."

బాబాయ్ లేచాడు. లేవకపోతే సీటు పోతుంది, లేస్తే పరువు పోతుంది. పరువు రేపు మళ్ళీ సంపాదించుకోవచ్చు. వీధిలోకి దిగి, కన్నంలో తల దూర్చి, నిటారుగా నిలబడ్డాడు. తలకి రెండింతలున్న టోపీ గాలికి వెంటనే వెనక్కి పడిపోయింది. బావమరిది ఒక మూల, నర్సు ఒక మూల, ఎలక్ట్రీషియన్ ఒక మూల పట్టుకుని లాగి కింద కూర్చున్నారు. రేకుల కింద ఎలాగూ తడుస్తున్నానని అక్క కూడా గ్లాసులతో వచ్చి నాలుగో మూల పట్టుకుంది. నిజం చెప్పొద్దూ, గుడారం బ్రహ్మాండంగా కుదిరింది. కిందున్న నలుగురూ పొడిగా, వెచ్చగా టీ తాగారు. పైనున్న తల మీద మాత్రం ఆకాశం బిందెలు బోర్లించింది. వాన ముక్కు మీంచి జారి, గడ్డం మీంచి దూకి, మెడ చుట్టూ బట్ట మీద మడుగు కట్టింది.

కొంతసేపటికి కిందనుంచి ఎలక్ట్రీషియన్ గొంతు వినిపించింది.

"బాబాయ్, మీకు ఇది కట్టడం రాదు. తేలిపోయింది. కానీ వాన్లో ఇంతసేపు వణక్కుండా నిలబడ్డారు. కట్టడం కొండ మీద నేను నేర్పిస్తాను. సీటు మీదే."

బాబాయ్ ఛాతీ రెండంగుళాలు లేచింది. గుడారం కూడా లేచింది.

"ఒక్క షరతు," అన్నాడు ఎలక్ట్రీషియన్. "నడిమి కర్ర మాట్లాడకూడదు. ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ."

బాబాయ్ సమాధానానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి వాన పడింది. మింగి, మూసుకున్నాడు. కొండనీ, కప్పు లేని ఎత్తునీ ఒకవైపు పెట్టాడు, తన నాలుకని ఒకవైపు పెట్టాడు, చాలాసేపు తూచాడు. చివరికి సరేనని తల ఊపాడు. ఊరికే కాదు, ఆయన ఏదైనా చేస్తే ఎలా చేస్తాడో అలా, మెడ విరిగేంత గట్టిగా ఊపాడు.

మెడ చుట్టూ మడుగు కట్టిన నీళ్ళన్నీ కన్నంలోంచి ఒక్కసారిగా దిగి, కిందున్న నలుగురి మీదా, నాలుగు టీ గ్లాసుల్లోనూ పడ్డాయి.