ఇసుకతిన్నె మీద పాతకాలపు విందు

హలో… ఆ, నేనే అమ్మడూ. అక్కని. ఎందుకలా గుసగుసలాడుతున్నావు?

…

ఓ, మేడమ్ పక్కనే ఉన్నారా. సరే, ఆ లేసు గొడుగుల వెనక్కి వెళ్లి మాట్లాడు. ఫోను ఎవరి చేతిలోనూ కనిపించకూడదని ఆవిడ మొదటి రోజే చెప్పారు… తెలుసులేవే, అందరివీ తోలుపెట్టెలో పెట్టించి వ్యాన్‌లో తాళం వేయించింది నేనే. పాతకాలం అంటే పాతకాలమే మరి. నీదొక్కటే బయట ఉంది, ఏప్రన్ జేబులోంచి తొంగిచూడకుండా చూసుకో.

ముందిది చెప్పు. తివాచీ పరిచాక ఎలా ఉంది?

…

నే చెప్పలా. తెల్లటి ఇసుక మీద ఎర్ర తివాచీ, చుట్టూ నీళ్లు, మధ్యలో వెండి టీ సెట్టు, పక్కన గ్రామఫోను… గడ్డి మీద దుప్పటి పరిచి బుట్ట పెట్టడం ఎవరైనా చేస్తారు. నది మధ్యలో ఇసుకతిన్నె మీద చెయ్యాలని ఎవరికి తడుతుందే? కాలు బెణకకపోతే నేనే వచ్చేదాన్ని. మంచం మీద కాలు చాపుకుని ఊహించుకోవాల్సి వచ్చింది, నా ఖర్మ.

బామ్మగారు ఎలా ఉన్నారు?… కేకు అడుగుతున్నారా. పెట్టవే పాపం, ఆవిడ తొంభయ్యో పుట్టినరోజుకే కదా మేడమ్ వాళ్లు ఈ హంగామా పెట్టుకుంది. నడవలేని మనిషి. పేము కుర్చీతో సహా పడవలో దించేసరికి తల ప్రాణం తోకకొచ్చిందన్నావుగా. ఎండ మొహం మీద పడకుండా కుర్చీ కాస్త తిప్పు.

…

తడా? ఏది తడిసింది?… తివాచీ అంచు? ఎవరో నిమ్మరసం ఒలకబోసుంటారు… నీళ్లవైపు అంచా. అయితే కాస్త లోపలికి లాగండి… మళ్లీ లాగండి మరి. నది అన్నాక అలలు రావా, పిచ్చిపిల్లా.

నీళ్లు రంగు మారడమేంటి?… టీ రంగులోనా. మబ్బు పట్టుంటుంది, అందుకే అలా కనిపిస్తోంది… ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే రానీ. వీడియో తీసే ఆయనకి చెప్పు, అవి పడకుండా తియ్యమని.

…

పడవాయన లేడా. ఎక్కడికీ పోడులే. ఆ నీలం ఫైబరు పడవ వీడియోలో పడితే మన పాతకాలం గంగలో కలుస్తుందని, నది వంపు అవతల కట్టుకోమన్నది నేనే. పిలిస్తే వస్తాడు… ఏమన్నాడు వెళ్తూ?… ఎగువన గట్టిగా వాన పడిందనా. ఆయనకి ఇంటికి పోవడానికో సాకు కావాలి, ఎప్పుడూ ఉండేదే.

ఉండు, ఇంకో ఫోను వస్తోంది… ఆనకట్ట మీద గేట్ల ఆపరేటరు. పొద్దున్నుంచీ ఇదే పని ఇతనికి. కట్ చేశాలే.

…

అదా. నీకు చెప్పనేలేదు కదూ. గేట్లు ఎత్తేముందు అక్కడ హారన్ మోగిస్తారు, చెవులు చిల్లులు పడేలా. ఊరికే సరిచూసుకోడానికి కూడా మోగిస్తుంటారట. పాట మధ్యలో అది కుయ్యోమంటే ఏం బావుంటుంది? అందుకని ఈ ఒక్కరోజు, విందు అయ్యేదాకా ఆపమని బతిమాలుకున్నా. మొన్న వాళ్ల పాప పుట్టినరోజుకి అలంకరణ చేసిపెట్టాను కదా, మొహమాటపడి సరేనన్నాడు… గేట్లెందుకు ఎత్తుతారే? సాయంత్రం దాకా ఎత్తేది లేదని ఆయనే చెప్పాడు.

ఇదిగో, అలా మొహం మాడ్చుకుని మేడమ్ ముందుకెళ్లకు. నేను లేకుండా నువ్వొక్కదానివే చేస్తున్న మొదటి పని. కొవ్వొత్తుల స్టాండ్లు నిటారుగా ఉన్నాయో లేదో చూడు, దిండ్లు సర్దు, కప్పుల్లో…

…

ఏం రాళ్లు?… దాటుకునే రాళ్లా. పొద్దున మీరంతా వాటి మీద నడిచేగా వచ్చింది… ఒక్కటీ కనిపించడం లేదా?

సరిగ్గా చూశావా?

…

ఉండు. మళ్లీ ఆయనే. నువ్వు పెట్టెయ్యకు, ఆయనతో మాట్లాడి వస్తా.

ఆ, చెప్పండి సార్… వినిపిస్తోంది, చెప్పండి… ఎప్పుడు?… సాయంత్రం దాకా లేదన్నారు కదండీ… ఆర్డరు వస్తే మాత్రం… మరి హారన్?… అవును, నేనే వద్దన్నాను. వద్దంటే గేట్లు ఎత్తేటప్పుడు కూడానా… ఫోను చేశారు. చేశారండీ. నేనే కట్ చేశాను… నీళ్లు ఇసుకతిన్నె దాకా రావడానికి ఎంతసేపు పడుతుంది?… ఇప్పటికే వచ్చుంటాయా… అయినా మోగించండి. మా చెల్లెలుందక్కడ, మోగించండి సార్.

అమ్మడూ… ఉన్నావా? నేను చెప్పేది విను, ఎందుకని అడక్కు. గేట్లు ఎత్తేశారు. అందరినీ లేపు. కప్పులు వద్దు, తివాచీ వద్దు, ఏదీ ముట్టుకోవద్దు. రాళ్లున్న చోటే ఒకళ్ల చేతులొకళ్లు పట్టుకుని దాటెయ్యండి… మోకాలి లోతేనా? అయితే ఇప్పుడే, ఈ క్షణమే.

…

నవ్వుతున్నారా మేడమ్? ఇది కూడా కార్యక్రమంలో భాగం అనుకుంటున్నారా… చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ నీళ్లు చూపించు.

అదిగో. హారన్. నాకూ వినిపిస్తోంది… లేచారా. హమ్మయ్య. నువ్వూ దిగు… పిల్లల్ని ముందు పంపండి, నువ్వు వాళ్ల వెనకాలే…

ఎందుకాగావు?

…

బామ్మగారు కుర్చీలోనే ఉండిపోయారా… పడవాయన్ని కేకెయ్యి… గట్టిగా కేకెయ్యి… ఆ పాటెవరైనా ఆపండే, ఎలా వినపడుతుంది ఆయనకి?… కొడుకేడీ? మనవలేరీ?… దాటేశారా. మరి వెనక్కి రారా?… నీళ్లు నడుం దాకా వచ్చేశాయా, అంతలోనే.

చూడు. నామీద ఒట్టు, నా మాట విను. నువ్వొచ్చెయ్యి. నువ్వొక్కదానివీ ఏం చెయ్యగలవు… అవును, ఆవిణ్ణి వదిలేసే. అదే చెప్తున్నా. తిట్టుకో, రేపు వచ్చి నా మొహాన ఉమ్ముకో, ముందు ఒడ్డుకి రా… అమ్మడూ… ఏం చేస్తున్నావు? ఫోను ఎక్కడ పెడుతున్నావు? పెట్టకు…

…

ఎవరూ?… బామ్మగారా. మా చెల్లెలేదండీ?… మీ దగ్గరే ఉందా. ఏం చేస్తోంది?… కుర్చీ లేపుతోందా. ఒక్కతేనా… నీళ్లెక్కడి దాకా ఉన్నాయండీ మీకు?…

బామ్మగారూ, ఆ హారన్ మోగించొద్దని చెప్పింది నేను. నేనేనండీ… పోనీలే అని మీరనకండి. ఒక్క సాయం చెయ్యండి. దాన్ని వెళ్లిపొమ్మని మీరు చెప్పండి. నేను చెప్తే వినడం లేదు. మీరు చెప్తే వింటుంది.

…

తెలుసండీ. ఏం అడుగుతున్నానో తెలిసే అడుగుతున్నాను.

…

చెప్పారా… ఏమంటోంది?

…

అది చిన్నప్పట్నుంచీ అంతేనండీ. ఒకసారి పట్టుకుందంటే వదలదు… బామ్మగారూ… వినపడుతోందా?… హలో…

హలో…