కుట్టు లోపలి మడత

కుట్టింది నేనే. అంతమాత్రాన తప్పు నాదేనా ఆంజినమ్మత్తా? ఎడమ పక్క బిగుతంటా ఇదే జాకెట్టు మూడోసారి తెస్తివి. ఈ బత్తలపల్లెలో త్రివేణి కొలత తప్పిందని ఎవురన్నా అన్న్యారా?

నువ్వేమో కొలతకని ఆది జాకెట్టు ఈడ పడేసి పోతావు. "దీని మాదిరే కుట్టు పాపా" అంటావు. అది నీ చిన్నోడు బడికి పోకముందుది! గుడ్డను కొలిస్తే గుడ్డ కొలతే వస్తాది, మనిషిది యాడొస్తాది? టేపు పెడతానంటే అందురికీ సిగ్గు.

ఈ పొద్దు బలవంతంగా పరదా ఎనక్కి పిల్చుకోని పెడితి గదా. కుడి పక్క ఆది జాకెట్టుకు సరిగ్గా ఉండాది. ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం ఎక్కువ! లావయితే రెండు పక్కలా అవుతారు గానీ, ఒగ పక్కే అయ్యేవాళ్లుంటారా? నవ్వద్దత్తా.

చర్మం చూసుకున్న్యావా? చీనీకాయ తొక్క మాదిరి సన్న గుంటలు. ఎర్రగా ఉండాది. చనుమొన లోపలికి లాక్కపోయింది.

ఏమీ? నేసేటప్పుడు మగ్గం కర్ర ఒరుసుకునిందా? ఆ కర్ర ఎదకు అడ్డంగా ఉంటాది గదా! ఒరుసుకుంటే రెండు పక్కలా ఒరుసుకోవల్ల.

గడ్డ లేదు, నొప్పి లేదంటావా? అవునత్తా, నా భయమూ అదే. గడ్డ తగలకపోయినా క్యాన్సర్ ఉండొచ్చని ఆస్పత్రి నర్సమ్మ చెప్పింది. చర్మం ఇట్లా మారినా చూపిచ్చుకోవల్లంట. కాకపోవచ్చు. నేనేమన్నా డాక్టర్నా? కాదని తేలితే వచ్చి నా చెంప పగలగొట్టు, నవ్వుతా పడతా. రేపే అనంతపురం పోదాం, అంగడి మూసి నేనూ వస్తా.

మగ్గం మీద చీర దిగినాకనా? ఒగటి దిగేలోపల మామ ఇంగొకటి ఎక్కిస్తాడు. నీకు తెల్దా?

మామతో నేను మాట్లాడేదా? వద్దా? అట్లా చేతులు పట్టుకోవద్దత్తా, నాకు ఏడుపొస్తాది.

సరే, జాకెట్టు ఇయ్యి. ఇంగేం జేసేది? నిన్ను ఎత్తుకోని పోలేను గదా. నా చేతనయ్యేది కుట్టు విప్పేదే.

ఇదో, ఈ పక్క చూడు. ముందు రెండుసార్లూ లోపల మడిచిన బట్టలోంచే వదిలితి. ఇదే ఆఖరు మడత. మళ్లా బిగుతయితే, వదిలేదానికి ఇందులో బట్ట లేదత్తా.