కుర్చీ కింద దొరికిన వెంట్రుక

మా ఆస్థానం కోతలు కోస్తాడని అందరూ అంటారు గానీ, వింటున్నంతసేపూ అవి కోతలని నాకెప్పుడూ అనిపించలేదు. ఆస్థానం అంటే మనిషే. పాత సామాన్ల షాపులో బీరువాలూ మంచాలూ మోసే పని అతనిది. నోరు విప్పితే మాత్రం విక్టోరియా రాణిగారి ఆస్థానంలో ఉయ్యాల ఊగి వచ్చినట్టు మాట్లాడతాడు. ఎవరో ఎప్పుడో ఆ పేరు తగిలించారు, అసలు పేరు అందరం మరిచిపోయాం.

ఆ రోజు అతని మాటకి మొదటిసారి పని పడింది. షాపు పెద్దాయనకి కంటి ఆపరేషన్ అయింది, నల్లద్దాలు పెట్టుకుని గోడ పట్టుకు నడుస్తున్నాడు. కుర్చీని చూసి వయసు చెప్పే మనిషి కావాలిప్పుడు. పొద్దున్నే మూడు కుర్చీలు వరసగా పెట్టించాడు. మూడూ ఒకేలా ఉన్నాయి, గుండ్రంగా ఉబ్బి నడుం దగ్గర సన్నబడ్డ వీపు, వంకీ కాళ్ళు, ఎర్రటి మహోగని కర్ర. ఒకటి నిజంగా రాణిగారి కాలంది. మిగతా రెండూ జత కుదరడానికి మా షెడ్డులో చేసినవి. వడ్రంగి మామ చేశాడు, అతని కూతురు పాలిష్ పట్టింది. ఏది పాతదో ఏది కొత్తదో కొనేవాళ్ళకి చెప్పి మరీ అమ్మడం పెద్దాయన పద్ధతి. నేను మెత్తలు కుట్టేదాన్ని, మెత్తలు విడిగా నా దగ్గరికొస్తాయి, కాబట్టి అసలుదేదో నాకూ తెలీదు.

టీ వేళకి అసలుదేదో, ఎలా తెలిసిందో చెప్పమని ఆస్థానాన్ని అడిగాడు పెద్దాయన. సరిగ్గా చెబితే రేపటినుంచి ఆస్థానం భుజం మీద బరువుండదు, చేతిలో భూతద్దం ఉంటుంది. అతను చెప్పడం పూర్తయ్యేదాకా తండ్రీకూతుళ్ళిద్దరూ పెదవి విప్పకూడదని ఆజ్ఞ.

ఎదురుగా ఉన్న టీ అత్త బడ్డీ దగ్గర చేరాం. ఆస్థానం తను ఎంచిన కుర్చీని మోసుకొచ్చి డబ్బా మీద నిలబెట్టాడు, పైన తుండు కప్పాడు. పెద్దాయనకి బల్ల ఎత్తు చాలదని మరో కుర్చీ తెచ్చి, ఇది మొన్నటి సరుకేనండీ, నిశ్చింతగా కూర్చోండి అన్నాడు. మూడోది షెడ్డులోనే ఉండిపోయింది. పాలిష్ అమ్మాయి తలగుడ్డ కూడా విప్పకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె ఉన్న రోజున ఆస్థానం గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది, అది నేను చాలా కాలంగా గమనిస్తున్నాను.

మొదలుపెట్టాడు.

"నేనేం గొప్ప చెయ్యలేదండీ, ముందే చెబుతున్నా. ఎత్తాను, అంతే. పన్నెండేళ్ళు మోసిన భుజం కదా, దానికే తెలిసిపోయింది, ఒరే ఇది ముసలి కర్రరా అని నాతో అంది. అయినా భుజం మాట ఒక్కటే నమ్మితే ఎలా అని తిరగేసి చూశాను. ఈ వెనక కాలికి పదిహేడు పురుగు చిల్లులు. ఎంత తిన్నగా, ఎంత పద్ధతిగా ఉన్నాయనుకున్నారు. రాణిగారి కాలం పురుగులు మర్యాద తెలిసినవండీ, వరసలో నిలబడి తినేవి. ఇప్పటి పురుగులకి ఆ పెంపకం ఏదీ?"

పెద్దాయన తల ఊపాడు. పాలిష్ అమ్మాయి గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

"సరే, అప్పుడు వాసన చూశాను. ఏమొచ్చిందో తెలుసా? ఓడ వాసన. ఓడలో కింది గది, ఎడం వైపు మూల. పక్కన సబ్బుల పెట్టె. పెట్టె మీద ఒక పిల్లి."

"పిల్లి రంగు?" అంది టీ అత్త, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"గోధుమ రంగత్తా. కుడి చెవి కొంచెం చిరిగింది."

పిల్లి చెవి దాకా చెప్పాక ఇంకేం అనుమానం ఉంటుంది నాకు? ఆ ఓడా, ఆ సముద్రం, ఆ సబ్బుల వాసనా అన్నీ నా చుట్టూ తిరిగాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆస్థానం ఆగలేదు. పాలిష్‌ని నాలుకతో తాకి చూశాడట, ఉప్పగా తగిలిందట, అంటే పాలిష్ పట్టినవాడు ఆ రోజు పెళ్ళాంతో పోట్లాడి ఏడుస్తూ పనికొచ్చాడన్నమాట. తప్పు ఆ పెళ్ళానిది కాదు, అత్తగారిది, అదీ రుచిలో తెలిసింది. ఈ విద్య తనకి నిన్నా మొన్నా వచ్చింది కాదట. ఒకప్పుడు సముద్రాల అవతలినుంచి ఒక వర్తకుడు నలభై కుర్చీలకి ముసుగులేసి పట్టుకొచ్చాడట, ఆస్థానం కళ్ళకి గంతలు కట్టి ఒక్కోదాని మీద కూర్చోబెట్టాడట, కూర్చున్న చోటునుంచే ఒక్కోదాని వయసు నెలలతో సహా చెప్పేశాడట.

"ముప్ఫై తొమ్మిదో దాని దగ్గర ఏమైందో తెలుసా? కూర్చోకుండానే లేచాను. వర్తకుడు వణికిపోయాడు. ఎందుకు లేచారు బాబూ అన్నాడు. దీని ముందు కుడి కాలు మార్చారు, ఆ కాలు ఇంకో ఇంటి కుర్చీది, అది ఇంటి మీద బెంగపెట్టుకుని ఉంది, దాని మీద నేను కూర్చోలేనన్నాను. ఆయన అక్కడికక్కడే ఆ కాలు ఊడదీసి, ఓడెక్కించి ఇంటికి పంపించేశాడు."

"కాలొక్కటీ ఎలా వెళ్ళిందయ్యా?" అంది టీ అత్త.

"కుంటుకుంటూ."

వడ్రంగి మామకి టీ పొలమారింది. ఆస్థానం అదేం పట్టించుకోలేదు. ఆ తర్వాత ఒక పెద్ద మ్యూజియం వాళ్ళు పిలిపించారట. అక్కడొక సింహాసనం, చుట్టూ తాడు కట్టి, ఇద్దరు కాపలా. ఇతను గుమ్మంలో నిలబడి ఒక్కసారి దగ్గాడు. ఆ దగ్గుకే సింహాసనం తన గుట్టు తెలిసిపోయిందని సిగ్గుపడి, పైనున్న మేలురకం చెక్క పొరంతా జలజలా రాల్చేసి, ముందు కాళ్ళు రెండూ మడిచి అతని ముందు మోకరిల్లిందట. కాపలావాళ్ళు కూడా మోకరిల్లారట, వాళ్ళెందుకో మాత్రం అతనికీ తెలీదట.

పెద్దాయన నల్లద్దాల వెనక నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. ఇంతకీ ఈ కుర్చీ సంగతి తేల్చమన్నాడు. పాలిష్ అమ్మాయి కూడా అప్పుడే తలెత్తింది.

ఆస్థానం గొంతు తగ్గించాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

"ఇది చెప్పకూడదనుకున్నానండీ. మనసుకి సంబంధించింది. కుర్చీ అడుగున చెయ్యి పెట్టి తడుముతుంటే పాలిష్‌లో అతుక్కుని ఒక వెంట్రుక తగిలింది. లాగాను. వచ్చింది. ఇంకా లాగాను, ఇంకా వచ్చింది. ఏడు బారల పొడుగు. సగం నలుపు, సగం సూర్యాస్తమయం. అలాంటి జుట్టు ఈ లోకంలో ఇప్పుడెవరికీ లేదు, ఉండదు. రాణిగారి దగ్గర ఒక చెలికత్తె ఉండేది, ఆవిడది. కిటికీ పక్కన ఈ కుర్చీలోనే కూర్చుని ఎవరికోసమో ఎదురుచూసేది. నేను కళ్ళు మూసుకోగానే వచ్చి ఎదురుగా నిలబడింది. ఇన్నేళ్ళలో నన్ను గుర్తుపట్టింది మీరొక్కరే అంది."

"మన భాషలోనే అందా?" అంది టీ అత్త.

"కుర్చీ ఇన్నాళ్ళుగా మన ఇళ్ళల్లోనే ఉంది కదత్తా, దాని దగ్గర నేర్చుకుంది. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. చేసుకుంటే ఈ వెంట్రుక గలావిడనే చేసుకుంటాను, లేదా ఇలాగే ఉండిపోతాను."

నా కళ్ళు చెమర్చాయి. నిజం చెప్పాలంటే, ముక్కు కూడా తుడుచుకున్నాను. ఆస్థానం తుండు లాగేసి, కుర్చీ వీపు మీద చెయ్యేసి, ఇదేనండీ అసలుది అన్నాడు.

ఇక మీరు మాట్లాడొచ్చు అన్నాడు పెద్దాయన వడ్రంగి మామ వైపు తిరిగి. మామ కూతురి వైపు చూశాడు.

ఆమె లేచి టీ అత్త చీపురులోంచి ఒక పుల్ల విరిచింది. ఆస్థానం చూపించిన చిల్లుల్లో ఒకదానిలో పెట్టి నెట్టింది. పుల్ల నిటారుగా, సూది గుడ్డలో దిగినట్టు దిగిపోయింది.

"పురుగు ఎప్పుడూ తిన్నగా పోదు. తినుకుంటూ వంకర్లు తిరుగుతుంది. ఇవి నేను పొడిచినవి, దీని దబ్బనంతో," అని నన్ను చూపించింది. నిజమే, పోయిన నెల అడిగి తీసుకుంది, మొన వంచి తిరిగిచ్చింది. "పదిహేడు కాదు, పంతొమ్మిది. రెండు నీ బొటనవేలి కింద ఉన్నాయి."

ఆస్థానం వేలు తీశాడు. రెండున్నాయి.

ఆమె వెళ్ళి పెద్దాయన కూర్చున్న కుర్చీ పక్కన వంగి, వెనక కాలికున్న చిల్లులో అదే పుల్ల పెట్టింది. గోరంత దిగి ఆగిపోయింది. ఇంకాస్త నెడితే విరిగింది. పెద్దాయన నడుం సర్దుకుని, కూర్చోగానే అనుమానం వచ్చిందమ్మా అన్నాడు. భూతద్దం తన బల్ల సొరుగులో ఉందని, రేపు వచ్చి తీసుకొమ్మని చెప్పాడు. చెప్పింది ఆమెకి. ఆస్థానానికి మాత్రం, మూడింటినీ లోపలికి చేర్చమని, తన కింద ఉన్నదాన్ని కాస్త చూసి మొయ్యమని చెప్పాడు.

ఆస్థానం భుజం ఒక పక్కకి వాలిపోయింది. పన్నెండేళ్ళ బరువు ఒక్కసారిగా తిరిగొచ్చి కూర్చున్నట్టు. నవ్వబోయి ఎవరమూ నవ్వలేకపోయాం.

"ఆ అగ్గిపెట్టె ఇలా ఇవ్వు," అంది పాలిష్ అమ్మాయి.

ఇచ్చాడు. ఆమె తలగుడ్డ విప్పింది. ఎర్ర రంగులో ముంచిన వేళ్ళతో మాటిమాటికీ చెవి వెనక్కి తోసుకునే పాయ ఒకటుంది ఆమెకి, సగం నుంచి కింది దాకా మహోగని రంగులో ఉంటుంది. రోజూ నా కళ్ళముందే ఉంటుంది. అగ్గిపెట్టెలోని వెంట్రుక తీసి ఆ పాయ పక్కన పెట్టింది. ఎక్కడ నలుపు ఆగిందో, ఎక్కడ ఎరుపు మొదలైందో, రెండూ ఒకటే.

"పాలిష్ ఆరకముందు వంగి చూసుకుంటుంటే అతుక్కుని ఉంటుంది," అంది.

టీ అత్త పొయ్యి తగ్గించింది. ఆస్థానం ఆ పాయని చూశాడు, కుర్చీని చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"నాకు ముందే తెలుసు. ఏమంటారో చూద్దామనే..."

"తెలిస్తే మంచిదే," అంది ఆమె, తండ్రి వైపు గడ్డం చూపించి. "మా నాన్న ఇక్కడే ఉన్నాడు. ఆ ఒట్టు సంగతి ఆయనకి ఇంకోసారి చెప్పు. ఓడ లేకుండా, పిల్లి లేకుండా, ఏడు బారలు లేకుండా."

వడ్రంగి మామ గ్లాసు కింద పెట్టి, చెవి మీది పెన్సిల్ తీసి, కొలతకి సిద్ధమైనట్టు చూశాడు. ఆస్థానం నోరు తెరిచాడు, మూశాడు. అతని నోరు దానంతటది మూతపడటం మేం చూడటం అదే మొదలు. చాలాసేపటికి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు.

"మూరెడని చెప్పొచ్చా?"

ఆమె వెంట్రుకని వేళ్ళమధ్య చాపి చూసుకుంది.

"జానెడు."